శాలువపై సూదివ్రాత

గుమాస్తా కొలువులో నాకు నిత్యపరిచయము గలవి రెండు: కాగితము, దబ్బనము. కాగితములను వరుసగా సర్ది, దబ్బనముతో గుచ్చి, దారముతో కుట్టిననేగాని దస్త్రము నిలువదని పెద్దలు నేర్పిరి. ఆ యలవాటుచేతనే కాబోలు, రాయగడ ప్రాంతపు డోంగ్రియా ఖోండు స్త్రీల సూదిపనిని చూచినపుడు అదియు నొక దస్త్రమే యని నాకు తోచినది.

ఈ సీమ మనకు క్రొత్తది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు కోరాపుట్టు, రాయగడలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 1992లో రాయగడ ప్రత్యేక జిల్లా యయ్యెను. నియమగిరి కొండలలో నివసించు డోంగ్రియాల కువి భాషయు మన తెలుగువలెనే ద్రావిడభాష. పూర్వము దానికి లిపి లేదు.

వారి శాలువ పేరు కప్డాగండ. వారు బట్ట నేయరు. పొరుగు డొంబు నేతగాండ్రవద్ద ముతక తెల్లబట్ట తీసికొని, దానిపై ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారములతో కన్యలు కుట్టుదురు. అందలి త్రికోణములు కొండలకు గుర్తులు. పూర్తియైన శాలువను అన్నదమ్ములకో, మనసిచ్చినవానికో కానుకగా నిత్తురు. తల్లి చేతిపని చూచి కూతురు నేర్చుకొనుటయే వారి బడి. లిపి లేనివారికి సూదియే కలమైనది.

ఆ జిల్లాలోనే జేకేపురమున 1962లో కాగితపు మిల్లు వెలసి, వెదురును కాగితముగా మార్చసాగినది. కాగితము ఇంత చేరువనున్నను, ఈ కుట్టుపని తమదని చూపుటకు ఆ స్త్రీలకు చిరకాలము కాగితమే లేకపోయెను. కోరాపుట్టు జిల్లాలోని కోట్‌పాడు నేతబట్టకు 2005లోనే భౌగోళిక సూచిక లభించినది. కప్డాగండకు అది 2024 జనవరిలో దక్కినది. ఇతరులు చేసిన అనుకరణలను ఆ పేరున అమ్మరాదని చెప్పుటకు ఇప్పుడు చట్టమున్నది.

సంతోషమే. అయినను ఆ నమోదు పదియేండ్లకే చెల్లును. పిమ్మట మరల పొడిగింపవలెను. యజమానులు గతించిన దస్త్రములనుగూడ చెదలు పట్టకుండ కాపాడిన గుమాస్తాను నేను. కాగితము పేరును మాత్రమే నిలుపగలదు. కూతురు సూది పట్టనినాడు, ఎంత చక్కగా కుట్టిన దస్త్రమైనను లేనివారి చిరునామాయే యగును. కావున ఆ శాలువను కొనువారు కుట్టిన చేతికి తగిన వెల ముట్టునట్లు చూడవలెనని నా మనవి.