దాసోహమన్న మాట

1945లో మిడతలు గుడ్లు పెట్టే చోట్లు వెతికే పని మీద ఒమన్‌లోని సలాలాకు వచ్చాడు బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిజర్. ఎడారి అతని మనసును పట్టేసింది. తోలుతిత్తుల్లో ఉప్పునీళ్లు మోసుకుంటూ, ఎడారి సంచారులైన బెదూ సహచరులతో ఒంటెల మీద రుబ్ అల్ ఖాలీ ఎడారిని రెండుసార్లు దాటాడు.

ఇలా మనసు పట్టుబడే స్థితికి ఇంగ్లిషులో చక్కటి మాట 'ఎన్‌త్రాల్డ్'. పాత నార్స్ భాష నుంచి వచ్చిన 'త్రాల్' అంటే బానిస. ఒకప్పుడు బానిసను చేయడమే ఎన్‌త్రాల్. క్రమంగా మనసును వశం చేసుకోవడమైంది. షేక్‌స్పియర్ నాటకంలో గాడిద తల మనిషిని వలచిన టైటానియా వాడేదీ ఈ మాటే.

మన 'దాసోహం'దీ ఇదే దారి. 'నేను దాసుణ్ణి' అనే సంస్కృత వాక్యం ఇప్పుడు బిర్యానీ రుచికీ బాలు పాటకీ సరిపోతోంది.

ఒమన్‌లో మాత్రం ఆ మూలార్థం మరీ పాతది కాదు. థెసిజర్ తిరిగిన రోజుల్లో అక్కడ నిజంగానే బానిసలుండేవారు. 1970లో గద్దెనెక్కిన సుల్తాన్ కాబూస్ బానిసత్వాన్ని రద్దు చేశాడు.