వన్ ఆన్ వన్ మీటింగ్: అసలు స్టూడెంట్ ఎవరు?

ఈ రోజు ఒక మీటింగ్ చరిత్ర చెప్పుకుందాం. అవును, మీటింగులకి కూడా చరిత్ర ఉంటుంది.

నా మొదటి ఉద్యోగం గచ్చిబౌలిలో. ప్రతి గురువారం మధ్యాహ్నం మా మేనేజర్‌తో అరగంట వన్ ఆన్ వన్. ఆయన జిరా బోర్డు తెరిచేవారు, నేను టికెట్లు ఒక్కొక్కటీ చదివేవాణ్ని. ఇది అయిందా, అది ఎప్పటికవుతుంది, థాంక్యూ. పొద్దున స్టాండప్‌లో చెప్పిందే మధ్యాహ్నం మళ్ళీ అప్పజెప్పడం. రిజైన్ చేసిన రోజు ఆయన అన్న మొదటి మాట, "ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా?" చెడ్డ మనిషి కాదండి, నిజంగానే బాధపడ్డారు. కానీ ఏడాదిన్నర పాటు వారం వారం ఎదురెదురుగానే కూర్చున్నాం కదా! నేను చెప్పలేదా, ఆయన అడగలేదా?

ఈ అలవాటు ఎక్కడ మొదలైందా అని చదువుతూ పోతే, రెండు అమెరికన్ కంపెనీల దగ్గర ఆగిపోయాను.

మొదటిది వెస్టర్న్ ఎలక్ట్రిక్. చికాగో పక్కన సిసెరోలో దాని హాథార్న్ ఫ్యాక్టరీ, టెలిఫోన్ పరికరాలు తయారుచేసే చోటు. ఎంబీఏ చదివినవాళ్ళకి అక్కడి లైట్ల ప్రయోగాలు గుర్తొస్తాయి, వాటిని వదిలేద్దాం. 1928లో అక్కడ కార్మికుల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టారు. 1930 అయ్యేసరికి 20,000 మందికి పైగా! మొదట్లో చేతిలో ప్రశ్నల లిస్టు ఉండేది. వీళ్ళు క్యాంటీన్ గురించి అడిగితే వాళ్ళు ఇంట్లో సంగతి చెప్పేవాళ్ళు. దాంతో 1929లో లిస్టు పక్కన పెట్టేసి, అవతలి మనిషి ఎటు వెళ్తే అటు వెళ్ళండి అన్నారు. అరగంట ఇంటర్వ్యూ కాస్తా గంటన్నర అయింది.

ఇక్కడిదాకా బాగుంది. కానీ వినేది సొంత సూపర్‌వైజర్ కాదు, వేరే మనిషి. మనసు తేలికపడుతుంది, బెంచీ దగ్గర పరిస్థితి మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత ఆర్థిక మాంద్యంలో ఫ్యాక్టరీలో చాలామంది ఉద్యోగాలే పోయాయి. 1936లో ఇదే పని కౌన్సెలింగ్ పేరుతో మళ్ళీ మొదలైంది. ఆ కౌన్సెలర్లకి ఏదీ మార్చే అధికారం లేదు, వినడమే వాళ్ళ డ్యూటీ. 1950ల్లో అదీ ఆగిపోయింది. విన్న మనిషి ఒకరు, మార్చగలిగే మనిషి ఇంకొకరు. నాకైతే అసలు లోపం అక్కడే అనిపిస్తుంది.

రెండోది ఇంటెల్. 1968లో మొదలైంది. ఆండీ గ్రోవ్ అక్కడ తొలి రోజుల నుంచీ ఉన్నాడు. బుడాపెస్ట్‌లో పుట్టి, కుర్రాడిగా ఉన్నప్పుడే హంగరీ వదిలి అమెరికా చేరి, బర్క్‌లీలో పీహెచ్‌డీ చేసిన మనిషి. ఇంటెల్‌లో ఇంజనీరింగూ, తయారీ రెండూ ఆయన చేతికే వచ్చాయి. చిక్కేంటంటే, కంపెనీ మొదట చేసింది మెమరీ చిప్‌లు, వాటి డిజైన్ గురించి ఆయనకి పెద్దగా తెలియదు. తయారీ గురించీ అంతంతమాత్రమే. అప్పటిదాకా రీసెర్చ్ చేశాడు మరి.

ఏం చేశాడో చూడండి. తన కింద పనిచేసే ఇద్దరిని పాఠాలు చెప్పమన్నాడు. ముందే టైం పెట్టుకుని, వాళ్ళు ప్రిపేరై వచ్చేవాళ్ళు. బాస్ కూర్చుని నోట్స్ రాసుకునేవాడు! ఇంటెల్‌లో వన్ ఆన్ వన్ అలవాటుకి మూలం ఈ ట్యూషనే అని 1983లో వచ్చిన తన పుస్తకం హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్‌లో ఆయనే రాశాడు. మన ఆఫీసుల క్యాలెండర్లలోకి ఈ మీటింగ్ రావడంలో ఆ పుస్తకం పాత్ర చాలా ఉంది. కానీ వచ్చేటప్పుడు దారిలో కొన్ని పడిపోయాయి.

గ్రోవ్ ప్రకారం ఈ మీటింగ్ ఉద్యోగిది. ఏం మాట్లాడాలో రాసుకొచ్చేది ఉద్యోగే. కనీసం గంట ఉండాలంటాడు, ఎందుకంటే టైం తక్కువుంటే మనిషి చిన్న విషయాలే బయటపెడతాడు. వీలైతే మేనేజరే ఉద్యోగి పనిచేసే చోటికి వెళ్ళాలి. కొత్తవాళ్ళతో తరచుగా, పని బాగా వచ్చినవాళ్ళతో అప్పుడప్పుడు కలిస్తే చాలు. టాపిక్ అయిపోయింది అనుకున్నాక ఇంకొక్క ప్రశ్న అడగమంటాడు. ఆయన లెక్క కూడా ఇంజనీర్ లెక్కే: మేనేజర్ గంటన్నర పెడితే ఉద్యోగి రెండు వారాల పని, అంటే 80 గంటలకి పైగా, మెరుగుపడొచ్చు.

అలాగని గ్రోవ్ ఏమీ మెతక మనిషి కాదు, ఎదురు వాదన గట్టిగా పెట్టే బాస్‌గానే ఆయనకి పేరు.

తర్వాతి ఉద్యోగంలో నా కింద ముగ్గురు వచ్చారు. ఒకమ్మాయిని, "బిల్లింగ్ మాడ్యూల్ నాకు రాదు, నేర్పిస్తావా?" అని అడిగాను. మొదటి వారం వింతగా చూసింది. రెండో వారం బొమ్మలు గీసి తెచ్చింది. మూడో వారం పాఠం మధ్యలో ఆగి, "అన్నా, ఇంకోటి చెప్పొచ్చా?" అంది. ఆన్ కాల్ రోస్టర్‌లో వరుసగా నాలుగు వీకెండ్లు తన పేరే ఉందట.

ఆ రోస్టర్ వేసింది నేనే.