అనిమే సబ్‌టైటిల్, ఎన్‌కోడింగ్ వీడియో పాఠాలు

జపాన్ యానిమేషన్‌కు, అంటే అనిమేకు, మరో భాషలో సబ్‌టైటిళ్లు చేర్చి, ఆ వీడియోను నాణ్యత చెడకుండా చిన్న ఫైలుగా మార్చే పనిని కొత్తవారికి కంప్యూటర్ తెర మీద చేసి చూపించే పాఠాలివి. అభిమానులు సొంతంగా చేసే ఇలాంటి సబ్‌టైటిళ్లకు ఫ్యాన్‌సబ్ అని పేరు. సంభాషణ వినిపించే వేళకు వాక్యం కనిపించేలా చూడడాన్ని టైమింగ్ అంటారు. తెర మీది బోర్డులు, ఉత్తరాల పక్కన వాటి రూపానికి సరిపోయేలా అనువాదాన్ని అమర్చడం టైప్‌సెట్టింగ్. వీడియోను కుదించే ఎన్‌కోడింగ్ చివరి మెట్టు. ప్రాథమిక పాఠాలు ఎక్కువగా ఈ మూడింటి చుట్టూ తిరుగుతాయి. అనువాదం భాషాజ్ఞానానికి సంబంధించినది కనుక వాటి పరిధిలోకి రాదు.

1977లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన కార్టూన్/ఫాంటసీ ఆర్గనైజేషన్ వంటి అమెరికా క్లబ్బుల్లో సభ్యులు జపనీస్ టేపులను సబ్‌టైటిళ్లు లేకుండానే చూసేవారు. కథ అర్థం కావడానికి కథాసారాంశం అచ్చువేసిన కాగితాలు పంచేవారు. 1980ల రెండో సగంలో కమోడోర్ అమీగా కంప్యూటర్, దాని అక్షరాలను నడుస్తున్న వీడియో మీద కలిపే జెన్‌లాక్ పరికరం అభిమానులకు అందుబాటులోకి వచ్చాయి. ఓర్లాండోలోని జపనీస్ యానిమేషన్ క్లబ్ పేరు పెట్టుకున్న జాకోసబ్ అమీగా మీద నడిచిన సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్. టేపు నుంచి టేపుకు నకలు తీసిన కొద్దీ బొమ్మ మసకబారేది. పని నేర్చుకోవడానికి తెలిసినవారి పక్కన కూర్చోవడమే మార్గం.

ఇంటి కంప్యూటర్ ఒక్కదానితోనే ఈ పనంతా చేయగలిగే పరిస్థితి 2000 ప్రాంతంలో వచ్చింది. సబ్‌టైటిళ్లు రాయడానికి సబ్‌స్టేషన్ ఆల్ఫా అప్పటికే ఉంది. వీడియోను కుదించే మైక్రోసాఫ్ట్ ఎంపెగ్-4 కోడెక్‌ను మార్చి తయారుచేసిన డివ్‌ఎక్స్, వీడియో కత్తిరింపులకు వర్చువల్‌డబ్, స్క్రిప్టుతో వీడియోను శుద్ధిచేసే ఏవీఐసింత్ దానికి తోడయ్యాయి. 2001లో డివ్‌ఎక్స్ తరహా కోడెక్ ఎక్స్‌విడ్, ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్ మొదలయ్యాయి. 2002 డిసెంబరులో ప్రకటించిన మట్రోస్కా వీడియోను, ఆడియోను, సబ్‌టైటిళ్లను, వాటి ఫాంట్లను ఒకే ఫైలులో దాచే వీలు కల్పించింది. దీంతో అక్షరాలను బొమ్మలో శాశ్వతంగా కలిపేసే హార్డ్‌సబ్ పక్కన, అవసరమైతే ఆపేసుకోగల సాఫ్ట్‌సబ్ నిలదొక్కుకుంది.

ఆనాటి ఎన్‌కోడింగ్ కొలతలన్నీ 700 మెగాబైట్ల సీడీకి కట్టుబడినవి. సీడీకి నాలుగు భాగాలు పట్టాలంటే ఒక్కోటి 175 మెగాబైట్లు, మూడు చాలనుకుంటే 233. ఇరవై నాలుగు నిమిషాల భాగం 175 మెగాబైట్లలో ఇమడాలంటే సెకనుకు సుమారు 1,020 కిలోబిట్లు దొరుకుతాయి. ధ్వనికి 128 తీసేస్తే బొమ్మకు 890 మిగులుతాయి. ఆ లెక్కను ఖచ్చితంగా పాటించడానికే వీడియోను ముందు ఒకసారి పరిశీలించి, రెండోసారి కుదించే టూ-పాస్ పద్ధతిని వాడేవారు.

ఈ దశలో చదువంతా రాతలోనే సాగింది. డూమ్9 వెబ్‌సైటు మార్గదర్శకాలతో పాటు, అనిమే మ్యూజిక్ వీడియోలు కూర్చేవారి కోసం అభిమానులే రాసిన మార్గదర్శి ఒక తరానికి పాఠ్యపుస్తకంగా నిలిచింది. ఎంతో ఓపికగా, స్పష్టంగా రాసిన గ్రంథమది. అయితే కొన్ని విషయాలు రాతకు లొంగవు. వాటిలో మొదటిది టెలిసినీ. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన బొమ్మను జపాన్, అమెరికాల టీవీ పద్ధతికి మార్చేటప్పుడు ఒక ఫ్రేమును రెండు ఫీల్డులుగా, తరువాతి దాన్ని మూడు ఫీల్డులుగా విడదీస్తారు. ఫలితంగా ప్రతి ఐదు ఫ్రేముల్లో రెండింటిలో కదిలే అంచులు చీలి, అడ్డగీతలుగా కనిపిస్తాయి. దాన్ని విప్పి, సెకనుకు 23.976 ఫ్రేములున్న అసలు బొమ్మను రాబట్టడం ఎన్‌కోడర్ మొదటి పరీక్ష. ఫ్రేము తరువాత ఫ్రేము జరుపుతూ ఆ గీతలను కళ్లారా చూపించినప్పుడే ఇది మనసుకెక్కుతుంది.

2005 వీడియో పాఠాలకు పునాది వేసిన ఏడాది. ధ్వని తరంగాన్ని, వీడియోను, వాక్యాల పట్టికను ఒకే కిటికీలో చూపే ఏజిసబ్ ఆ ఏడాదే వచ్చింది. యూట్యూబ్ ప్రారంభమైందీ అప్పుడే. కామ్‌స్టూడియో, కామ్‌టాసియా వంటి సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్ తెరను రికార్డు చేసిపెట్టేవి. కానీ మొదట్లో యూట్యూబ్ బొమ్మ 320×240 పరిమాణంలోనే ఉండేది. అందులో ఏజిసబ్ మెనూలు చదవడం అసాధ్యం కాబట్టి, చూపించే చోటును పెద్దదిచేసి చూపాల్సి వచ్చేది. 2006లో యూట్యూబ్ పది నిమిషాల పరిమితి పెట్టడంతో పాఠాలు ముక్కలయ్యాయి: టైమింగ్ ఒక భాగం, అక్షరాల శైలులు మరో భాగం, పాటల మాటలను లయతో చూపే కారియోకే ఇంకొకటి. ఈ విభజన నేర్చుకునేవారికి మేలే చేసింది. 2008 చివర్లో 720 వరుసల వీడియో రావడంతో అక్షరం స్పష్టమైంది. 2010లో పరిమితి పదిహేను నిమిషాలకు పెరిగింది.

మంచి పాఠం సూత్రం చెప్పి ఊరుకోదు. మాటకు కాస్త ముందే వాక్యం తెర మీదికి రావాలని, మాట ముగిశాక కొద్దిసేపు నిలవాలని చెప్పి, అదే వాక్యాన్ని తప్పుగానూ సరిగానూ నడిపి చూపుతుంది. దృశ్యం మారిన తరువాత కూడా వాక్యం రెండు మూడు ఫ్రేములు మిగిలిపోతే కంటికి చురుక్కుమనే మెరుపు కనిపిస్తుంది. దృశ్యం మారే ఫ్రేముకు వాక్యపు అంచును అతికించడం అందుకే నేర్పుతారు. కారియోకేలో పాటను అక్షరం అక్షరంగా విడదీసి, సెకనులో నూరోవంతు కొలతతో కాలం ఇవ్వాలి. చెవి, కన్ను, చేయి ఒకేసారి పనిచేసే ఈ విద్యకు వీడియో అన్నివిధాలా తగిన మాధ్యమం.

ఎన్‌కోడింగ్ పాఠాలు త్వరగా పాతబడ్డాయి. వీడియో కుదింపుకు హెచ్.264 ప్రమాణం 2003లో ఖరారు కాగా, ఎక్స్264 ఎన్‌కోడర్ దాన్ని ఉచితంగా అందరికీ అందించింది. సైజుకు బదులు నాణ్యతను స్థిరంగా ఉంచే సీఆర్‌ఎఫ్ పద్ధతి సీడీ లెక్కలను తోసేసింది. 2011 ప్రాంతంలో అభిమానులు 10-బిట్ ఎన్‌కోడింగ్‌కు మారారు. ఒక్కో వర్ణానికి 256 ఛాయలకు బదులు 1,024 ఉండడంతో అనిమే ఆకాశాల్లో కనిపించే రంగు చారలు తగ్గాయి. 2012లో ఏవీఐసింత్ తరహా వేపర్‌సింత్, 2013లో హెచ్.264 తరువాతి తరం హెచ్‌ఈవీసీ ప్రమాణం వచ్చాయి. ఏజిసబ్ మాత్రం 2014 నాటి 3.2.2 రూపంలోనే ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నందున, పాత టైమింగ్ పాఠాలు చెల్లుతూనే వచ్చాయి.

హక్కుదారుల అనుమతి లేని ఫ్యాన్‌సబ్ పంపిణీ కాపీరైట్ ఉల్లంఘనే. తమ దేశంలో విడుదలకు లైసెన్సు ఖరారైన వెంటనే ఆ అనిమే పంపిణీ ఆపాలన్న నియమాన్ని చాలా బృందాలు స్వచ్ఛందంగా పెట్టుకున్నాయి. తమ చిత్రాల ఫ్యాన్‌సబ్‌లను ఆపాలని 2004 డిసెంబరులో జపాన్ సంస్థ మీడియా ఫ్యాక్టరీ కోరింది. 2009 జనవరిలో స్ట్రీమింగ్ వెబ్‌సైటు క్రంచీరోల్ నరుటో షిప్పుడెన్‌ను జపాన్ ప్రసారం వెన్నంటే సబ్‌టైటిళ్లతో ఇవ్వడం మొదలుపెట్టాక అభిమాన బృందాల అవసరం తగ్గింది. పాఠాలు ఆ తరువాత బ్లూ-రే ఎన్‌కోడింగ్ వైపు, టైప్‌సెట్టింగ్ సొగసుల వైపు మళ్లాయి.

తెలుగులో సబ్‌టైటిళ్లు చేసేవారికి యూనికోడ్ తప్పనిసరి. గుణింతాలు, ఒత్తులు సరిగా కూడాలంటే ప్లేయర్‌లో లిపిని కూర్చే వ్యవస్థ కూడా ఉండాలి. చాలా ప్లేయర్లలో సబ్‌టైటిళ్లను గీసే లిబాస్ లైబ్రరీలో ఆ పనిని హార్ఫ్‌బజ్ చేస్తుంది. ఒత్తులకు చోటు కావాలి కనుక వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంచాలి. ఎంచుకున్న ఫాంటు చూసేవారి కంప్యూటర్‌లో లేకపోవచ్చు కాబట్టి, దాన్ని మట్రోస్కా ఫైలుకు జతచేయాలి.