గరిష్ఠ ఉష్ణోగ్రత పుట్టుపూర్వోత్తరాలు

ఎండను నమ్మదగిన అంకెల్లో చెప్పుకోవడం మొదలై సుమారు మూడు వందల ఏళ్లే అయింది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయనే సామెత ఎండ ఎంతటిదో చెబుతుంది గానీ, నిరుటి రోహిణికీ ఈ యేటి రోహిణికీ తేడా ఎంతో చెప్పలేదు. ఫారన్‌హీట్ 1714 ప్రాంతంలో పాదరసపు థర్మామీటరును నమ్మదగిన పనిముట్టుగా మలిచాక అది సాధ్యమైంది. 1742లో సెల్సియస్ వంద భాగాల కొలత ప్రతిపాదించాడు. ఆయన లెక్కలో నీరు మరిగేది సున్నా దగ్గర, గడ్డకట్టేది వంద దగ్గర! ఆయన పోయిన తర్వాతే అది ఇప్పటిలా తిరగబడింది.

థర్మామీటరు వచ్చినంత మాత్రాన రికార్డు రాదు. ఎండ పతాకస్థాయికి చేరేది సాధారణంగా మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య. ఆ క్షణం కోసం రోజూ ఎవరు కాపలా కాస్తారు? ఈ చిక్కును ఇంగ్లండుకు చెందిన జేమ్స్ సిక్స్ 1780లో విడదీశాడు. యు ఆకారపు గాజుగొట్టంలో పాదరసం పైకి పోతూ ఒక చిన్న ఉక్కు ముక్కను నెట్టుకుపోతుంది. పాదరసం దిగినా ముక్క అక్కడే ఆగిపోతుంది. తర్వాత కాలంలో వాతావరణ కేంద్రాలు ఇంకా సులువైన పద్ధతికి మారాయి. గొట్టం మెడను సన్నగా నొక్కితే పైకెక్కిన పాదరసం తనంతట తాను కిందికి రాలేదు, విదిలిస్తేనే దిగుతుంది. పాతకాలపు జ్వరం థర్మామీటరుదీ ఇదే కిటుకు. రోజు మొత్తంలో అత్యధిక వేడి ఒకే అంకెగా చేతికందింది ఇలాగే.

ఆ అంకెను ఎక్కడ కొలవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కొలవాల్సింది గాలి వేడిని, ఎండలో కాలే గాజు వేడిని కాదు. పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా ఒకరు గోడకు, ఇంకొకరు వసారాలో, మరొకరు కిటికీ పక్కన థర్మామీటరు తగిలించేవారు. వాటిని ఒకదానితో ఒకటి పోల్చడం దండగ. 1860లలో థామస్ స్టీవెన్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు తెల్లరంగు వేసిన చెక్కపెట్టెను రూపొందించాడు. ఆయన వృత్తి దీపస్తంభాలు కట్టడం. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆయన కొడుకే. ఏటవాలు రెక్కలున్న ఆ పెట్టెలోకి గాలి వస్తుంది, ఎండ రాదు. భూమికి దాదాపు నాలుగడుగుల ఎత్తున, గోడలకు దూరంగా, బయలు నేల మీద దాన్ని నిలబెడతారు. తలుపు తెరిచినప్పుడు లోపల ఎండ పడకుండా మన దేశంలో తలుపును ఉత్తరం వైపు ఉంచుతారు. టీవీలో చెప్పే 44 డిగ్రీలు ఈ నీడలోవి. నడిరోడ్డు మీద మనిషికి తగిలే వేడి అంతకన్నా ఎక్కువే. ప్రభుత్వం అంకె తగ్గించి చెబుతోందన్న అనుమానానికి చాలాసార్లు మూలం ఇదే.

భారతదేశంలో క్రమబద్ధమైన నమోదుకు మద్రాసు నక్షత్రశాల పుట్టినిల్లు. ఖగోళ పరిశోధన కోసం నుంగంబాకంలో 1792లో కట్టిన ఆ శాలలో ఖగోళవేత్త గోల్డింగ్‌హామ్ 1796 నుంచి వాతావరణం వివరాలూ రాయించాడు. విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత నక్షత్రశాల నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించాడు. దేశమంతా ఒకే పద్ధతి రావడానికి మాత్రం విపత్తులు కావలసివచ్చాయి. 1864 కలకత్తా తుఫాను, ఆ తర్వాతి కరవులు చూశాక 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్.

రికార్డుకు బలం దాని వెనకున్న ఏళ్ల సంఖ్యే. హైదరాబాద్ బేగంపేటలో 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు, చెన్నై నుంగంబాకంలో 2003 మే 31న నమోదైన 45 డిగ్రీలు దశాబ్దాల వరుసలో నిలిచిన అంకెలు. తెలంగాణలో మండలాల్లో నెలకొల్పిన స్వయంచాలక కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. పల్లెల్లో ఎండ ఎలా మారుతోందో అవి చెప్పినంత వివరంగా పాత కేంద్రాలు చెప్పలేవు. కానీ పదేళ్ల కిందట పుట్టిన కేంద్రంలో ‘చరిత్రలోనే అత్యధికం’ అంటే పదేళ్లలో అత్యధికమనే అర్థం. వడగాడ్పు ప్రకటనకు కూడా ఈ పాత వరుసలే ఆధారం. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలకు చేరి, ముప్పై ఏళ్ల సగటు కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు. సగటుతో పనిలేకుండా 45 తాకినా వడగాడ్పే.

పాత అంకెలన్నీ నిలవలేదు. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న నమోదైన 58 డిగ్రీలు తొంభై ఏళ్లపాటు ప్రపంచ రికార్డుగా పాఠ్యపుస్తకాల్లో ఉంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2012లో దాన్ని కొట్టేసింది. వాడినది సిక్స్ తరహా థర్మామీటరు, చూసినవాడు కొత్తవాడు. ఉక్కు ముక్క కింది అంచు దగ్గర చదవాల్సినదాన్ని పై అంచు దగ్గర చదివి ఉంటాడని నిపుణులు తేల్చారు. దాంతో కిరీటం కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 56.7 డిగ్రీలకు దక్కింది. దాని మీదా సందేహాలు లేకపోలేదు. భారత రికార్డు ఇప్పుడు రాజస్థాన్‌లోని ఫలోదీది: 2016 మే 19న 51 డిగ్రీలు. అది 1956 నాటి అల్వార్ అంకె 50.6ను దాటింది.

యంత్రాలు వచ్చాక తప్పుల తీరు మారింది. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ స్వయంచాలక కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. కొన్ని గంటల్లోనే ఆ అంకె దేశమంతా పాకింది. అదే రోజు సఫ్దర్‌జంగ్‌లో నమోదైంది 46.8. వాతావరణ శాఖ ఆ సెన్సర్‌ను పక్కన మరో పరికరం పెట్టి పరీక్షించి, అది మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేల్చింది. పాదరసం వాడకాన్ని తగ్గించాలన్న మినమాటా ఒప్పందం 2013లో వచ్చాక గాజు థర్మామీటర్లు ఒక్కొక్కటే పక్కకు తప్పుకుంటున్నాయి. వాటి స్థానంలో సెన్సర్ పెట్టేచోట పాతదాన్నీ కొత్తదాన్నీ కొంతకాలం పక్కపక్కనే నడిపి, రెండింటి తేడా రాసిపెట్టుకుంటేనే పాత వరుస తెగకుండా సాగుతుంది.