ఊరూ పేరూ ఉన్న భయం

కొరియన్ సినిమా అనగానే మనవాళ్లు ముందు మెచ్చుకునేది కెమెరా పనితనాన్ని, రంగుల్ని, ఆ మెరుపుని. అంత ఖర్చు పెడితే మన దగ్గరా అలాంటివి వస్తాయని ఒక నమ్మకం. ఆ దేశపు సినిమా చరిత్ర ముందు ఈ నమ్మకం నిలవదు. 2002లో వచ్చిన 'రిసరెక్షన్ ఆఫ్ ది లిటిల్ మ్యాచ్ గర్ల్', 2003లో వచ్చిన 'నేచురల్ సిటీ' డబ్బు కుమ్మరించి తీసిన సైన్స్ ఫిక్షన్లే. రెండూ బోల్తా కొట్టాయి. రెండోదైతే హాలీవుడ్ 'బ్లేడ్ రన్నర్' నీడలోంచి బయటపడనే లేదు. 2006లో బాంగ్ జూన్-హో 'ది హోస్ట్' తీశాడు. సోల్ నగరం నడుమ పారే హాన్ నదిలోంచి ఒక వికృత జంతువు గట్టెక్కి జనం మీద పడుతుంది. అదెలా పుట్టిందన్నది మొదటి సీన్లోనే ఉంది. శవాలు పాడవకుండా వాడే ఫార్మాల్డిహైడ్ సీసాల మీద దుమ్ము పట్టిందని, వాటిని సింకులో పారబోయమంటాడు ఒక అమెరికన్ సైనికాధికారి. ఖాళీ సీసాలు వరసగా పేరుకుపోతూనే ఉంటాయి. 2000లో సోల్‌లోని అమెరికన్ స్థావరంలో నిజంగా జరిగిన సంగతికి ఇది సినిమా రూపం. ఆ జంతువుకి ఊరుంది, పేరుంది, కనిపెంచిన నేరముంది. మెరుపు ఆ తర్వాతి మాట.

కొరియన్ సినిమా ఎదుగుదలని ప్రభుత్వ చలవగా చెప్పేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. 1960ల నుంచి అక్కడ హాళ్లలో ఏడాదికి ఇన్ని రోజులు స్వదేశీ సినిమాలే ఆడాలన్న కోటా ఉండేది. 146 రోజులుగా స్థిరపడిన ఆ కోటాని 2006లో 73కి కుదించారు. 1996లో రాజ్యాంగ న్యాయస్థానం సినిమాల ముందస్తు సెన్సారు చెల్లదని తీర్పిచ్చింది. సైనిక పాలనలో నోరు నొక్కుకుని పెరిగిన తరానికి అది మామూలు విషయం కాదు. అయితే కోటా హాలు ఇప్పిస్తుంది, తీర్పు నోరు విప్పనిస్తుంది. ఏం మాట్లాడాలో రెండూ చెప్పవు. 'నేచురల్ సిటీ'కీ అదే కోటా, అదే స్వేచ్ఛ ఉన్నాయి కదా. అదే ఏడాది జాంగ్ జూన్-హ్వాన్ తీసిన 'సేవ్ ది గ్రీన్ ప్లానెట్'లో ఓ కుర్రాడు రసాయన కంపెనీ యజమానిని గ్రహాంతరవాసి అనుకుని ఎత్తుకుపోతాడు. ఆ కుర్రాడి తల్లి ఆ కంపెనీ పుణ్యమా అని స్పృహ లేకుండా పడి ఉంటుంది. ఆ సినిమా కూడా ఆడలేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ 2025లో యోర్గోస్ లాంతిమోస్ 'బుగోనియా'గా మళ్లీ తీసింది దాన్నే.

భయానికి సొంత ఊరుండాలంటే, రక్తపిశాచి యూరప్ సరుకు కదా అన్నది ఇంకో అభ్యంతరం. పార్క్ చాన్-వుక్ 'థర్స్ట్' (2009) కథకి మూలం ఎమిల్ జోలా ఫ్రెంచి నవల 'తెరేజ్ రకాఁ'. అందులో పిశాచమే లేదు. పార్క్ చేసిందేమిటంటే, వైద్య ప్రయోగానికి ఒళ్లప్పగించిన ఓ కేథలిక్ ఫాదర్‌ని, రక్తం ఎక్కించుకోవడంతో పిశాచంగా మారినవాణ్ణి, తీసుకొచ్చి హాన్‌బోక్ బట్టలు కుట్టే కొట్టులో దించాడు. అక్కడ ముసలి అత్తగారు వారం వారం మాజాంగ్ ఆడిస్తుంటుంది, కోడలు గొడ్డుచాకిరీతో విసిగిపోయి ఉంటుంది. కథ ముదిరాక ఆ ఇంటి గోడలన్నిటికీ తెల్లరంగు పూసేసి, పగటి వెలుగు చూడలేని ఫాదరూ కోడలూ ట్యూబ్‌లైట్ల కింద బతుకుతారు. అరువు తెచ్చిన పిశాచం ఆ ఇంట్లో సొంత మనిషైపోయింది.

మనకిది తెలియని విద్యేం కాదు. విఠలాచార్య సినిమాల్లో దెయ్యం కట్టెలకి బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ పొయ్యి ప్రతి ఇంట్లోనూ ఉన్నదే కాబట్టి నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది. అంతా చవకబారు ట్రిక్కే అనే పండితులతో నాకు పేచీ లేదు, ట్రిక్కు ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలుసు అంటాను. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991) టైమ్ మెషీన్ విజయనగరంలో తీరిగ్గా తిరిగి, 2504లో నేల కింద దాక్కున్న మానవజాతిని మాత్రం త్వరత్వరగా చూపించి వచ్చేసింది. 2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'లో గంగ ఎండిన కాశీ మీద ఉన్నవాళ్ల కాంప్లెక్స్ వేలాడుతుంది. నిర్మాణం గొప్పది. కానీ ఆ నీళ్లు తాగేసిందెవరంటే జవాబు పురాణంలో ఉంది, పక్క వీధిలో లేదు. కొరియా నుంచి నేరుగా తెచ్చుకున్నప్పుడూ 'మిస్ గ్రానీ'ని 'ఓ బేబీ' (2019)గా, 'మిడ్‌నైట్ రన్నర్స్'ని 'శాకినీ డాకినీ' (2022)గా తెచ్చుకున్నాం. వినోదం వచ్చింది, భయం సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

పక్క వీధి అంటే ఎక్కడ అని అడిగితే మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో తుకుం చూపిస్తాను. తాడోబా అడవికి పోయే దారి అది. ఒక పక్క దుర్గాపూర్ బొగ్గు గనులు, 1980లలో మొదలైన థర్మల్ కేంద్రం. గనుల్లోకీ బల్లార్‌పూర్ కాగితం మిల్లులోకీ పనికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ జిల్లాలో తరాలుగా ఉన్నారు. రాజురా తాలూకా అయితే 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనిదే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యాన్ని లెక్కగట్టి చంద్రపూర్‌ని 83.88 మార్కులతో నాలుగో స్థానంలో నిలబెట్టింది. 2022 ఫిబ్రవరిలో థర్మల్ కేంద్రం ఆవరణలోనే ఒక కార్మికుణ్ణి పులి చంపింది. బూడిద, యంత్రాలు, వాటి మధ్య పులి. ఏ డిస్టోపియాకైనా ఇంతకంటే సరంజామా ఏం కావాలి?

రోజంతా పొగ మింగినవాడు సాయంత్రం డబ్బిచ్చి మళ్లీ పొగ చూస్తాడా అని నిర్మాతలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పటికి ఐదు కోట్ల జనాభా కూడా లేని దేశంలో 'ది హోస్ట్'కి కోటీ ముప్ఫై లక్షల టికెట్లు తెగాయి. కొన్నవాళ్లలో హాన్ నది గట్టున కాపురముండేవాళ్లూ ఉన్నారు.