పరిచారికల పైచదువు: ఖరగ్‌పూరు

హౌరాకు పడమట 115 కిలోమీటర్ల దూరమున నున్న ఖరగ్‌పూరు రైలు కొరకు పుట్టిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ మేదినీపూరు జిల్లాలోని ఎఱ్ఱనేలల మెట్టపై ఒక కూడలి స్టేషనును, దాని చెంతనే పెద్ద వర్క్‌షాపును నిర్మించినది. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లకే ఆ స్టేషను నుండి ఒకవంక హౌరాకును, మఱియొకవంక కటకము మీదుగా వాల్తేరునకును ఇనుపదారి ఏర్పడెను. విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగువారు ఆ దారినే పొట్ట చేతబట్టుకొని వచ్చి, వర్క్‌షాపులో ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, లోకోషెడ్డులో కూలీలుగా స్థిరపడిరి. రైల్వే క్వార్టర్లలో వారి కాపురములు వెలసినవి.

ఆ పురుషుల చరిత్ర కొంతవఱకు వ్రాయబడినది. 1927 నాటి సమ్మె, దానిలో వి.వి. గిరి వహించిన పాత్ర, కార్మికోద్యమ చరిత్ర చదివినవారికి తెలిసినవే. ఆ క్వార్టర్లలో పురుళ్ళు పోసిన స్త్రీల చరిత్ర మాత్రము అంతగా వ్రాయబడలేదు. పురుడు పోయు స్త్రీని తెలుగువారు మంత్రసాని యందురు. హిందీలో ఆమె దాయీ. వంగభాషలో ప్రసూతిశాస్త్రమునకే ధాత్రీవిద్య యని పేరు. తెలుగున ధాత్రి యనగా భూమి, పెంపుడు తల్లి కూడ. మాట ఇంత గౌరవమైనదైనను, ఆ పని చేయు మనిషి మైలను తాకునది గనుక ఆమెకు లభించిన చోటు గుమ్మము వెలుపలనే. ఈ పాతకథను తలచుకొననిదే, నేటి నర్సు తన విద్యలో ఏమెట్టు వఱకు పోగలదను ప్రశ్న సరిగా బోధపడదు.

మద్రాసులో 1844లో నెలకొన్న ప్రసూతి వైద్యశాల యందు, పదేండ్లు గడచిన పిమ్మట, మంత్రసానులకు శిక్షణ ప్రారంభమైనది. 1885లో లేడీ డఫరిన్ పేరిట వెలసిన నిధి స్త్రీలకు స్త్రీలచేతనే వైద్యము చేయించుటకు పూనుకొన్నది. 1903లో లేడీ కర్జను నెలకొల్పిన విక్టోరియా స్మారక నిధి ఊళ్ళలోని దాయీలకు శుభ్రత నేర్పదలచినది. వీటన్నిటిలోను ఒక విభజన కానవచ్చును. పరంపరగా వచ్చిన మంత్రసానికి కొన్ని వారముల ఉపదేశము, తెల్లని టోపీ ధరించిన నర్సునకు ఏండ్ల తరబడి ఆసుపత్రి చదువు. మొదటి యామెకు ప్రసవము తెలియును గాని అక్షరము తెలియదు. రెండవ యామెకు ప్రసవము తాను నేర్చిన పెక్కు పాఠములలో ఒకటి. మద్రాసు రాష్ట్రము 1926లోను, వంగరాష్ట్రము 1934లోను నర్సుల నమోదునకు శాసనములు చేసినవి. ఇంగ్లండులో 1902 నాటి చట్టము మంత్రసాని వృత్తిని స్వతంత్రవృత్తిగా గుర్తింపగా, మన దేశమున అది క్రమముగా నర్సు చదువులో లీనమైపోయినది. నేటికిని మనవారి డిప్లొమా పేరు జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ. పేరున రెండును కలవు. కొలువులో మాత్రము ఆమె ఈ నెల ప్రసూతివార్డున నుండును, వచ్చు నెల శస్త్రచికిత్స వార్డునకు మారును.

1946లో వెలువడిన భోర్ సంఘపు నివేదిక ఈ దుఃస్థితిని అంకెలలో చూపినది. దేశమున 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మంత్రసాని. ఏటేట రెండు లక్షల మంది తల్లులు కాన్పు కారణముగా మరణించుచున్నారని ఆ సంఘము అంచనా కట్టెను. నర్సుల సంఖ్య పెంచుడని మాత్రమేగాక, వారికి విశ్వవిద్యాలయ విద్య కావలెనని కూడ అది చెప్పినది. ఆ యేడే ఢిల్లీలో నర్సింగు కళాశాల వెలసెను. తరువాత దానికి రాజకుమారి అమృత్ కౌర్ పేరు పెట్టిరి. ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల పాఠశాలను ప్రారంభించిన వెల్లూరులోను అదే సంవత్సరము పట్టపు చదువు మొదలైనది. 1959లో ఢిల్లీ కళాశాల రెండేండ్ల స్నాతకోత్తర విద్యను ఆరంభించెను. అట్టి విద్య దేశమున అదియే మొదటిది. నర్సునకు స్నాతకోత్తర పట్టమా యని నవ్విన పెద్దలును ఆనాడు లేకపోలేదు.

ఆ పట్టమందినవారు ఎక్కడికి పోయిరన్నదే ప్రశ్న. కొత్త పాఠశాలలకు ఉపాధ్యాయినులు కావలసియుండిరి, కొత్త ఆసుపత్రులకు నిర్వాహకులు కావలసియుండిరి. ఆ యవసరము నిజమైనదే. దానిని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని ఆ యేర్పాటు అవసరము తీరిన తరువాతను అలవాటుగా నిలిచిపోయినది. ప్రసూతిశాస్త్రమున ఎమ్మెస్సీ చేసిన నర్సు, ఆ విద్య ఎవరి కొరకు నేర్చినదో ఆ తల్లి పడకను విడిచి, నల్లబల్ల కడకో, దస్త్రముల కడకో పోవలెను. పడకకడనే యుండగోరినచో, పట్టము లేనివారితో సమానముగ అదే హాజరుపట్టీ, అదే రాత్రికొలువు, అదే అధికారము. ఒక మందు వ్రాయుటకు గాని, సాధారణ ప్రసవమును తన బాధ్యతపై నడపుటకు గాని ఆమె పట్టము ఆమెకు హక్కు నీయలేదు.

ఖరగ్‌పూరులో ఈ విషయము మఱింత స్పష్టముగ కనబడును. అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు నైపుణ్యమునకు మెట్లున్నవి. ఖలాసీగా చేరినవాడు పరీక్షలు నెగ్గి నిపుణ కార్మికుడు కావచ్చును. ఆ పైమెట్టు అందుకొనవచ్చును. చివరకు మాస్టర్ క్రాఫ్ట్స్‌మన్ అనిపించుకొనవచ్చును. ఆ పదవికి తరువాత సీనియర్ టెక్నీషియన్ అని పేరు మార్చిరి. గమనింపదగినదేమనగా, ఆ పదవి నందినవాడు పర్యవేక్షకుడై కుర్చీలో కూర్చొననక్కఱలేదు. అతని హోదా పెరిగినను చేతిలో పనిముట్టు నిలిచియే యుండును. ఆ వర్క్‌షాపునకు ఎంతో దూరము లేని రైల్వే ఆసుపత్రిలో నర్సు చిరకాలము స్టాఫ్ నర్సుగా చేరి, సిస్టరై, మేట్రనగుచుండెను. ప్రతి మెట్టును ఆమెను రోగికి కొంత దూరము చేయును. ఇనుమును సానబట్టు చేతికి లభించిన గౌరవము, బిడ్డ తలను అందుకొను చేతికి అదే యాజమాన్యము క్రింద లభింపలేదు.

ఇట్లుండవలెనను నియమమేదియు లేదు. అమెరికాలో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1925లో కెంటకీ కొండలలో ఒక సేవాసంస్థను స్థాపించినది. అందలి నర్సులు గుఱ్ఱములపై కొండవాగులు దాటి వెళ్ళి పురుళ్ళు పోసిరి. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను వైద్యుడు కలసి, రోగిని పరీక్షించి నిర్ణయము తీసికొనగల నర్సులకు ప్రత్యేక విద్యను ప్రారంభించిరి. 2002లో అంతర్జాతీయ నర్సుల మండలి ఇట్టి నర్సును నిర్వచించి, ఆ వృత్తిలో ప్రవేశింపగోరువారికి స్నాతకోత్తర పట్టముండుట మేలని సూచించినది.

మన దేశమున ఈ దిశగా జరిగిన తొలి ప్రయత్నములలో ఒకటి పశ్చిమ వంగముననే జరుగుట విశేషము. భారత నర్సింగు మండలి 2000ల తొలినాళ్ళలో స్వతంత్ర ప్రసూతి నర్సులకు పాఠ్యప్రణాళికను సిద్ధపఱచి, ఆ రాష్ట్రమున ప్రయోగించినది. చదువు చెప్పిరి, చదివినవారికి పదవులు కల్పింపలేదు, చట్టబద్ధమైన అధికారమును కల్పింపలేదు. అందుచే ఆ ప్రయత్నము వ్యాపింపలేదు. ఈ చిన్న వైఫల్యము పెద్ద విజయముల కంటె ఎక్కువ బోధించుచున్నదనవచ్చును. తరువాత తీవ్రరోగుల సంరక్షణలో రెండేండ్ల స్నాతకోత్తర విద్య వచ్చెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహాయముతో, 30 మంది నర్సులను పదునెనిమిది నెలల ప్రసూతి శిక్షణకు ఎన్నుకొన్నది. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని ఇట్టి మార్గదర్శకములను ప్రకటించెను. 1947 నాటి శాసనము పేరులో నర్సింగు మాత్రమే యుండగా, దాని స్థానమున 2023లో వచ్చిన శాసనము తన పేరుననే మిడ్‌వైఫరీని కూడ చేర్చుకొన్నది. లీనమైపోయిన వృత్తికి వేఱుగ పేరు మరల దక్కినది.

ఖరగ్‌పూరు విద్యకు కఱవైన ఊరు కాదు. హిజ్లీలోని పాత నిర్బంధశిబిరపు భవనమున 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. ఆరంభమైనది. 2001లో అక్కడ వైద్యశాస్త్ర సాంకేతిక విభాగము వెలసి, ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసినవారికి స్నాతకోత్తర విద్యను ఏర్పఱచెను. 2004లో దగ్గఱనున్న మేదినీపూరున వైద్యకళాశాల స్థాపింపబడెను. వైద్యునకు, ఇంజనీరునకు పైచదువు గుమ్మము చెంతకు వచ్చినది. ప్రసూతి నర్సుగా పైచదువు చదువగోరు స్త్రీ చూపు మాత్రము చిరకాలము కలకత్తా వైపు, కాకున్న వెల్లూరు, ఢిల్లీల వైపు పోవుచుండెను. రెండేండ్లు కొలువు విడిచి, బిడ్డలను అత్తగారి కడ నుంచి, ఆ పట్టముతో తిరిగివచ్చినచో తనకేమి మారునని ఆమె వేసికొను లెక్క సామాన్యమైనది కాదు. ఆ లెక్క తేలక ఎందఱు ఆగిపోయిరో ఏ దస్త్రమునను దొరకదు.

ఇంకొక సంగతి ఖరగ్‌పూరునకే చెందినది. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషగా గుర్తింపు నీయ నిర్ణయించుటకు ఈ పట్టణపు తెలుగువారే ముఖ్యకారణము. కాని రైల్వే నర్సుల నియామకము అఖిలభారత పరీక్ష వలన జరుగును. కేరళమునుండి వచ్చిన యామెయో, రాజస్థానమునుండి వచ్చిన యామెయో తెలుగు తల్లి పడక ప్రక్కన నిలుచును. హిందీ వారి నడుమ వంతెనగును. ఆ వంతెన పగటిమాటలకు చాలును గాని నొప్పుల వేళకు చాలదు. శ్రీకాకుళపు మూలములు గల కోడలు ఆ వేళ తెలుగుననే మూలుగును. “నడుం పీకేస్తంది” అనును. “ఉమ్మనీరు పోయింది” అనును. “పొద్దుట్నించీ బిడ్డ కదల్లేదు” అనును. వినని చెవికి మూడును ఒకే మూలుగు. తెలిసిన నర్సు మొదటిదానికి ఆమె వీపు నిమిరి ధైర్యము చెప్పును. రెండవదానికి గడియారము చూచి వేళ వ్రాసికొనును, నీటి రంగు చూచును. మూడవది వినగానే బిడ్డ గుండె చప్పుడు వినుటకు వంగి, వెనువెంటనే డాక్టరునకు కబురంపును.