రోడ్ బైక్‌కి ఆయిల్ బ్రేక్ ఎందుకంత లేటుగా వచ్చింది?

ఇవాళ సైకిల్ బ్రేకుల చరిత్ర చెప్తాను. బ్రేకులకి కూడా చరిత్రేంటి అనుకోకండి, చాలా ఉంది. ముందు అనంతగిరి ఘాట్‌లో నాకు జరిగింది చెప్పి, అక్కణ్ణుంచి వెనక్కి వెళ్దాం.

ఆగస్టు నెల. అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగుతున్నాం. సన్నగా వాన, రోడ్డంతా తడి. నా రోడ్ బైక్‌కి డిస్క్ బ్రేకులే ఉన్నాయి, కాకపోతే వైరుతో లాగే రకం. పైన బయల్దేరినప్పుడు లీవర్ సగం నొక్కితే పట్టేసేది. సగం ఘాట్ దిగేసరికి ముప్పావు వంతు నొక్కాల్సొచ్చింది. ఒక హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా బస్సు. గట్టిగా నొక్కాను. లీవర్ వెళ్లి హ్యాండిల్‌కి ఆనుకుంది. ఇంక నొక్కడానికి జాగా లేదు, బండి మాత్రం ఇంకా వెళ్తూనే ఉంది. బస్సు డ్రైవర్ పక్కకి తీశాడు కాబట్టి సరిపోయింది. కింద టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి.

ఎందుకలా అయింది? తడి రోడ్డు మీద ఇసుక, బురద కలిసి ప్యాడ్‌లని గంటల్లో అరగదీస్తాయి. వైరు డిస్క్ బ్రేకుల్లో చాలావాటికి ఒకవైపు ప్యాడే కదుల్తుంది. అరిగేకొద్దీ మనమే దిగి స్క్రూ తిప్పి దగ్గరికి జరపాలి. నేను జరపలేదు. తప్పు నాదే, బ్రేకుది కాదు.

ఇంటికొచ్చాక ఆయిల్ బ్రేకులు పెట్టేద్దామని రేట్లు చూశాను. బ్రేకుల కంటే లీవర్ల రేటే గుండె ఆగేలా ఉంది. అప్పుడొచ్చింది డౌటు. మోటార్ సైకిళ్లకి ఎప్పట్నుంచో ఉన్న బ్రేకు ఇది. హోండా సీబీ 750కి 1969లోనే ముందు చక్రానికి పెట్టారు. మౌంటెన్ బైకులకి 1990ల్లో వచ్చేసింది. మరి రోడ్ బైక్ ఎందుకు 2013 దాకా ఆగింది?

దీనికి కాస్త వెనక్కి వెళ్లాలి. మా తాతయ్య సైకిలు గుర్తుందా? మీ తాతయ్యకీ అలాంటిదే ఉండుంటుంది. హ్యాండిల్ కింద నుంచి ఇనప కడ్డీలు దిగి, చక్రం రిమ్ముని కింద నుంచి పైకి పట్టుకునేవి. రాడ్ బ్రేక్ అనేవాళ్లం. కడ్డీ వంగదు, తెగదు, ఊళ్లో ఎవరైనా సుత్తితో సరిచేస్తారు. కానీ కడ్డీ మలుపు తిరగలేదు. హ్యాండిల్ తిరిగే చోట కీళ్లు పెట్టాలి, ప్రతి కీలులోనూ కొంత బలం పోతుంది. 1896లో ఇంగ్లండ్‌లో ఎర్నెస్ట్ మన్నింగ్టన్ బౌడెన్ పేరు మీద వచ్చిన పేటెంటు ఈ చిక్కు విప్పింది. ఉక్కు తీగని స్ప్రింగులా చుట్టిన గొట్టంలో దూర్చితే, గొట్టం ఎటు వంగితే బలం అటు పోతుంది. ఇవాళ మనం బ్రేక్ వైరు అని పిలిచేది అదే. వందేళ్లు దాటినా పెద్దగా మారలేదు.

దాని బలహీనతా అక్కడే ఉంది. వైరు గొట్టానికి రాసుకుంటుంది. వాన నీళ్లు దిగితే తుప్పు పడుతుంది. గట్టిగా లాగితే గొట్టం కొంచెం నొక్కుకుపోతుంది. మన చేతి బలంలో కొంత ఇక్కడే ఖర్చయిపోతుంది.

నూనె సంగతి వేరు. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పోతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. స్కూల్లో చదివాం, మర్చిపోయాం. మీ ఊళ్లో జేసీబీ చెయ్యి లేపేది ఇదే సూత్రంతో. ఉదాహరణకి లీవర్‌లో పిస్టన్ 10 మిల్లీమీటర్ల వెడల్పు, చక్రం దగ్గర పిస్టన్ 22 అనుకోండి. వైశాల్యం లెక్కేస్తే దగ్గర దగ్గర ఐదు రెట్లు. బలం కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, బదులుగా పిస్టన్ జరిగే దూరం అంత తగ్గుతుంది. ఇంకో లాభం, ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ తనంతట తనే ముందుకి జరుగుతుంది. ఘాట్‌లో నేను చెయ్యని పని అది తనే చేస్తుందన్నమాట.

కార్లలోకి ఇది 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ తో వచ్చింది, నాలుగు చక్రాలకీ. 1953లో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సీ-టైప్ లే మాన్ రేసు గెలిచాక డిస్క్ మీద అందరికీ నమ్మకం కుదిరింది. సైకిళ్లలో అయితే జర్మనీ వాళ్ల మగూరా 1980ల చివర్లోనే నూనెతో రిమ్ముని పట్టే బ్రేకు అమ్మింది. తర్వాత హోప్, హేస్ లాంటి కంపెనీలు మౌంటెన్ బైకులకి ఆయిల్ డిస్కులు పెట్టాయి. అక్కడ పెద్ద ఇబ్బంది లేదు, ఎందుకంటే మౌంటెన్ బైక్ హ్యాండిల్ తిన్నగా ఉంటుంది. బ్రేక్ లీవర్ వేరు, గేర్ మీట వేరు.

రోడ్ బైక్ ఇరుక్కుపోయింది ఇక్కడే. 1990లో షిమానో డ్యూరా-ఏస్‌లో ఎస్‌టీఐ అనే లీవర్ తెచ్చింది. బ్రేకూ గేరూ ఒకే మీటలో. అంతకు ముందు గేరు మార్చాలంటే చెయ్యి తీసి ఫ్రేమ్ మీద ఉన్న చిన్న మీట తిప్పాలి. ఈ కొత్త లీవర్ ఎంత హిట్టయిందంటే ఇంక ఎవరూ వెనక్కి పోలేదు. కానీ దాని కడుపునిండా పళ్ల చక్రాలు, స్ప్రింగులు. నూనె బ్రేకుకి లీవర్ లోపల ఒక సిలిండర్, ఒక నూనె తొట్టి పట్టాలి. జాగా ఏది? ఒక తరానికి వరంగా దొరికిన లీవరే తర్వాతి బ్రేకుకి అడ్డం కూర్చుంది.

జాగా లేనప్పుడు జనం ఏం చేస్తారు? జుగాడ్. 2011లో టీఆర్‌పీ పారాబాక్స్ అని ఒక డబ్బా అమ్మింది. హ్యాండిల్ కింద బిగిస్తారు. లీవర్ నుంచి వైరు ఆ డబ్బాలోకి, డబ్బాలోంచి నూనె పైపు చక్రం దాకా. చూడ్డానికి మెడలో టిఫిన్ బాక్సు వేలాడేసినట్టు ఉంటుంది. 2013లో అదే కంపెనీ హై-ఆర్‌డీ తెచ్చింది. దీంట్లో సిలిండర్ చక్రం దగ్గర కాలిపర్‌లోనే ఉంటుంది, పైనుంచి అక్కడిదాకా మామూలు వైరే. ఇది నాకు ఇప్పటికీ తెలివైన పనే అనిపిస్తుంది.

అసలు దారి చూపింది మాత్రం ఎలక్ట్రానిక్ గేర్లు. 2009లో డ్యూరా-ఏస్ డీఐ2 వచ్చాక లీవర్‌లో గేర్ల కోసం స్విచ్చులు తప్ప ఏమీ మిగల్లేదు. కడుపు ఖాళీ! 2013లో షిమానో ఆ ఖాళీలో సిలిండర్ పెట్టి ఆర్785 తెచ్చింది. అదే ఏడాది స్రామ్ ఇంకా సాహసం చేసి, మామూలు గేర్ల లీవర్‌లోనే నూనె కూడా ఇరికించింది. అందుకే ఆ లీవర్ల తలలు కొమ్ముల్లా పైకి లేచి ఉండేవి. డిసెంబర్‌లో అమెరికాలో గడ్డకట్టే చలిలో సైక్లోక్రాస్ రేసులు జరుగుతుంటే కొందరి బ్రేకులు ఉన్నట్టుండి పని చెయ్యలేదు. చలికి లోపలి సీళ్లు ఒత్తిడి ఆపలేకపోయాయి. కంపెనీ అప్పటిదాకా అమ్మినవన్నీ వెనక్కి రప్పించి, కొన్నాళ్ల కోసం బదులుగా వైరు బ్రేకులు ఇచ్చింది.

ఇక రేసర్ల సంగతి. వాళ్లకి డిస్క్ అంటే భయం, గుంపులో పడితే తిరిగే పలక కోసేస్తుందని. 2016 ఏప్రిల్‌లో పారిస్-రూబే రేసులో ఫ్రాన్సిస్కో వెంతోసో కాలు లోతుగా కోసుకుపోయింది. డిస్కే కోసిందని బహిరంగ లేఖ రాశాడు. యూసీఐ వెంటనే డిస్కుల ట్రయల్ ఆపేసింది. నిజంగా డిస్కే కోసిందా అని తర్వాత పెద్ద వాదనే నడిచింది. 2017లో పలకల అంచులు గుండ్రం చేసి ట్రయల్ మళ్లీ మొదలెట్టారు. ఆ ఏడాదే మార్సెల్ కిట్టెల్ డిస్క్ బైక్ మీద టూర్ డి ఫ్రాన్స్ స్టేజి గెలిచాడు. 2018 జూలై 1 నుంచి పూర్తి అనుమతి. అయినా 2020లో పొగాచర్ టూర్ గెలిచింది రిమ్ బ్రేకుల మీదే.

సరే, నా బండికొద్దాం. లీవర్ల రేటుకి భయపడి నేను ముందు హై-ఆర్‌డీ లాంటి సగం సగం కాలిపర్లే కొన్నాను. బిగించా, బాగానే ఉంది. లీవర్ కొంచెం మెత్తగా అనిపించి, లోపల గాలి ఉందేమో తీయిద్దామని మా వీధి చివర మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

"బ్రేక్ ఆయిలే కదా తమ్ముడూ, పది నిమిషాలు" అన్నాడు.

"సరే అన్నా" అన్నాను. నా తెలివి అంత.

మోటార్ సైకిళ్లలో పోసేది డాట్ రకం ద్రవం. నా కాలిపర్‌కి కావాల్సింది మినరల్ ఆయిల్. షిమానో, మగూరా, టీఆర్‌పీ మినరల్ ఆయిల్ మీద నడుస్తాయి. హోప్, హేస్, అప్పటి స్రామ్ డాట్ మీద. ఒకదానికి తయారుచేసిన రబ్బరు సీలు రెండోదాంట్లో ఉబ్బిపోతుంది. మనం రెంటినీ "బ్రేక్ ఆయిల్" అనే పిలుస్తాం కాబట్టి ఆయన నన్ను అడగలేదు, నేను ఆయనకి చెప్పలేదు. వారం పది రోజులకి పిస్టన్ బయటికొచ్చి వెనక్కి పోనంది. చక్రం చేత్తో తిప్పినా తిరగట్లేదు. రెండు కాలిపర్లూ చెత్తబుట్టలోకి. ఆయనే ఎక్కువ బాధపడ్డాడు. కూలి డబ్బులు తిరిగిచ్చేస్తానన్నాడు, నేను తీసుకోలేదు.

తర్వాత డబ్బులు కూడబెట్టి పూర్తి ఆయిల్ లీవర్లే కొన్నాను. పని మేమిద్దరం కలిసే చేశాం, ఈసారి సీసా మూత మీద అక్షరాలు చదివి. పాత లీవర్లు, వైర్లు తీసేశాం. గేర్ వైర్లు కొత్తవి వేశాం. పైపుని కొలిచి కోశాం, ఒకసారి పొట్టిగా కోస్తే ఇంక అతకదు కాబట్టి రెండు వేళ్లు ఎక్కువే ఉంచాం. పైపు చివర ఆలివ్ అనే చిన్న ఇత్తడి ఉంగరం వేసి బిగించాం. కింద కాలిపర్ దగ్గర సిరంజి, పైన లీవర్ మీద గరాటు. కింద నుంచి నూనె ఎక్కిస్తుంటే పైన గరాటులో బుడగలు. గాలి నొక్కుకుపోతుంది, నూనె నొక్కుకుపోదు, అందుకే ఒక్క బుడగ మిగిలినా లీవర్ స్పాంజిలా ఉంటుంది. మూడు గంటలు పట్టింది. అందులో గంట, ఆఖరి బుడగ కోసం పైపుని స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ కూర్చోడమే. చక్రం తీసినప్పుడు మాత్రం పొరపాటున కూడా లీవర్ నొక్కకండి, పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. మధ్యలో ఏదైనా ముక్క పెట్టుంచండి, మడిచిన అట్ట చాలు.

మీది రిమ్ బ్రేక్ బండి అయితే ఈ గొడవ మర్చిపోండి. ఫ్రేమ్‌కీ ఫోర్క్‌కీ కాలిపర్ బిగించే చోటే ఉండదు, వెల్డింగ్ చేయిస్తానని మాత్రం అనకండి దయచేసి. వైరు డిస్క్ ఉన్నవాళ్లు ఒక్క రూపాయి ఖర్చు పెట్టేముందు ప్యాడ్‌లు ఎంత అరిగాయో చూసి ఆ స్క్రూ తిప్పండి. నేను అరకులో ఆ పని చేసుంటే ఈ ఎపిసోడే ఉండేది కాదు. ఉంటాను మరి.